సగటున వందేళ్ళ తుపాకీ

ప్రభుత్వం ఏ పనీ చెయ్యదని టీ కొట్టు బల్ల మీద కూర్చుని తీర్పులిచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చేస్తుంది. నేను దగ్గరుండి చూశాను, కొంత నా చేత్తోనే చేశాను. మా జిల్లాలో మొత్తం పద్నాలుగు పాత రైఫిళ్ళున్నాయి. వాటిలో ప్రతిదాని వయసూ దశాంశంతో సహా మా ఆఫీసులో రాసి ఉంది. ఏ పౌరుడైనా పనివేళల్లో వచ్చి చూసుకోవచ్చు. ఆ పద్నాలుగింటిలో ఒక్కదాన్ని కూడా పేల్చడానికి వీల్లేదన్నది నిజమే కానీ, అది వేరే విషయం.

నా పేరు నాగలింగం. పురాతన ఆయుధాల క్రీడా ప్రోత్సాహక విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. విభాగం పేరు పొడుగే గానీ మనుషులం ముగ్గురమే: జాయింట్ డైరెక్టర్ ఉపేంద్రనాథ్ గారు, నేను, అటెండర్ హుస్సేనయ్య. ముగ్గురిలో తుపాకీ పేల్చినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి మాకు పక్షపాతం అంటగట్టడానికి ఎవరికీ అవకాశం లేదు.

మా ఊరి బయట మూతబడిన నాపరాళ్ళ క్వారీ ఒకటుంది. అక్కడ ఏటా ఫిబ్రవరిలో ఒంటి తూటా రైఫిళ్ళ పోటీ జరుగుతుంది. ఆ తుపాకీలో ఒకసారికి ఒక్క తూటాయే పడుతుంది. కింది మీట లాగితే గది తెరుచుకుంటుంది, తూటా పెట్టి, మీట మూసి పేల్చాలి. మళ్ళీ కావాలంటే మళ్ళీ మొదటి నుంచీ. నూరేళ్ళు దాటిన తుపాకీలకే ప్రవేశం. రెండు వందల గజాల దూరంలో గుండ్రటి గీతల కాగితం కడతారు. మనిషికి ఒక్కటే గుండు. నడిమధ్య తగిలితే పది మార్కులు, గీత దాటి బయటికి పోయేకొద్దీ ఒక్కో మార్కు తగ్గుతుంది. ఇందులో ఎవరికీ అర్థంకానిది ఏమీ లేదు. అందుకే మా విభాగం కలగజేసుకోవాల్సి వచ్చింది.

రెండేళ్ళ కిందట గెలిచిన తుపాకీ మీద ఆకాశరామన్న ఉత్తరం ఒకటొచ్చింది. ఆ తుపాకీలో పాతది మరమేకు ఒక్కటేననీ, మిగతాదంతా పోయిన దీపావళికి చేయించిందేననీ ఉత్తరం సారాంశం. ఉపేంద్రనాథ్ గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, నన్ను ఒకే ప్రశ్న అడిగారు.

"నాగలింగం, సదరు ఆయుధములో ఎంత భాగము పాతదైతే అది పాతది అగును?"

పెద్ద ప్రశ్న. ఇంకెవరైనా అయితే తుపాకీలు బాగుచేసేవాణ్ణి పిలిచి అడిగేవారేమో. నేను ఈ విభాగానికి రాకముందు పద్నాలుగేళ్ళు ప్రభుత్వ వాహనాల సెక్షన్లో పనిచేశాను. అక్కడ ఏటా జిల్లాలోని జీపులన్నిటి వయసులూ కూడి, జీపుల సంఖ్యతో భాగించి, సగటు వయసు పైకి పంపేవాళ్ళం. సగటు తక్కువుంటే మెప్పు, ఎక్కువుంటే మెమో. ఆ పద్ధతే తుపాకీకి పెడితే ఏం పోయిందనిపించింది. జీపుల బదులు భాగాలు. ప్రతి మేకుకూ, ప్రతి స్ప్రింగుకూ ఒక వయసు వేసి, కూడి, భాగించడమే. చెప్పగానే సారు లేచి నిలబడి నా భుజం తట్టారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా భుజం మీద ఒక గెజిటెడ్ చెయ్యి పడడం అదే మొదటిసారి. ఆ రోజు ఇంటికి మైసూరుపాకు పట్టుకెళ్ళాను.

వారంలో ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఆయుధము యొక్క వయస్సు అనగా సదరు ఆయుధము నందలి సకల భాగముల వయస్సుల సగటు అని భావించవలెను. సగటు వంద సంవత్సరములకు తగ్గిన యెడల సదరు ఆయుధము పురాతనము కాదు. పురాతనము కానిది ఆధునికము. ఆధునికమునకు లైసెన్సు ఉండవలెను. లేని యెడల ముప్పది దినములలో రోడ్డు రోలరు క్రింద ధ్వంసము చేయవలెను."

ఇంత తేటగా ఒక విషయాన్ని చెప్పగలవాళ్ళు రాష్ట్రంలో ఎంతమందున్నారో నాకు తెలీదు. టైపు చేస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

మొట్టమొదట తుపాకీ తెచ్చినవాడు రుద్రాచారి. పాత బస్టాండు వెనక కొలిమి ఆయనది. వయసు అరవై తొమ్మిది. కొడవళ్ళు, గడ్డపారలు, బోరు మోటారు బిగింపులు ఆయన చేసే పని. పోటీలకొచ్చే పాత తుపాకీలన్నిటికీ వైద్యుడు కూడా ఆయనే. ఇన్నేళ్ళూ పదిమంది తుపాకీలు బాగుచేశాడు గానీ తనకంటూ ఒకటి లేదు. ఒక పాలెగాడి మేడ కూలినప్పుడు గొడ్లపాకలో తలుపుకు అడ్డగడియగా వాడుతున్న ఇనప గొట్టం ఒకటి ఆయన కంటబడింది. అది తుపాకీ గొట్టమని ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు. మిగతా ముక్కలు పేడకుప్ప కింద దొరికాయి. వాటిని తెచ్చుకుని పదకొండేళ్ళు కూర్చున్నాడు.

పదకొండేళ్ళు ఎందుకయ్యా అని నేనే ఒకసారి అడిగాను. నల్లమద్ది మొద్దు ఆరడానికే నాలుగేళ్ళు పట్టిందట. ఆ తర్వాత దాన్ని చెక్కి ఇనుముకు అతికించాలి. ఆముదం దీపం మసి ఇనుముకు పట్టించి, కట్టెలో కూర్చోబెట్టి, తీసి చూస్తే ఎక్కడ తగులుతోందో అక్కడ నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ మేరకే గీకాలి. మళ్ళీ మసి, మళ్ళీ గీకుడు. మచ్చ అంతటా సమంగా పడేదాకా ఇదే పని. స్ప్రింగు లారీ కమాను పట్టా నుంచి తీశాడు. తూటాను కొట్టే సూదిని నాలుగుసార్లు చేసి, మూడు పారేశాడు.

ఆ తుపాకీని తెల్ల పంచెలో చుట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల్లో పట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. ముందే ఒక మాట చెప్పాడు.

"సార్, కర్నూల్లో డాక్టరు చూసినాడు. కుడికన్నుకు నీటికాసులంట. చూపు ఇంగొక ఏడాది, మహా అంటే ఏడాదిన్నర అన్నాడు. తుపాకీకి గురి పెట్టేది ఈ కంటితోనే. ఈ ఫిబ్రవరికి పోటీలో ఒక్క గుండు కొట్టల్ల సార్. అంతే నాకు. ఇంగేం వద్దు."

"దానికేముంది ఆచారీ, లెక్క ఒకటి చూసుకుంటే అయిపోతుంది" అన్నాను.

లెక్క చూశాను. ముప్పై భాగాలు. పాతవి పందొమ్మిది, ఒక్కొక్కటి నూట ముప్పై ఐదేళ్ళు. ఆచారి చేసినవి పదకొండు, సగటున ఐదేళ్ళు. కూడి, భాగిస్తే ఎనభై ఏడు పాయింట్ మూడు.

"ఎనభై ఏడంటే ఏమి సార్?" అన్నాడు ఆచారి.

"నీ తుపాకీ వయసు."

"యాడిదో మాట చెప్తారు. నూటముప్పై ఐదేండ్లది ఇది. కంపెనీ ముద్ర ఉండాది చూడండి, ఏ ఏడుదో కూడా ఏసినారు."

"గొట్టానికి నూటముప్పై ఐదే. సూదికి రెండేళ్ళు. రెండిటికీ సమానంగా ఓటుంటుంది ఆచారీ, ప్రజాస్వామ్యం గదా."

"ఆ సూది లేకపోతే పేలదు గదా సార్!"

"పేలకపోతే మంచిదే. సూదీ, స్ప్రింగూ, కట్టే అన్నీ తీసేసి ఆ పాత పందొమ్మిదీ ఒక సంచిలో పోసుకుని రా, నూటముప్పై ఐదు రాసి చేతిలో పెడతాను."

ఆచారి కాసేపు నా మొహం వంక చూశాడు. నేను వేళాకోళం ఆడటం లేదని తెలిసినట్టుంది.

"పాతది పాతదిగానే ఉంటే అది గడియ సార్. తుపాకీ కావల్లంటే ఎవుడో ఒకడు చెయ్యి పెట్టల్ల" అన్నాడు.

ఇలాంటి మాటలకు ఫైల్లో చోటుండదు. నేను ముప్పై రోజుల నోటీసు రాసి చేతికిచ్చాను. రోడ్లూ భవనాల శాఖ రోలరు ఆ నెల ఖాళీగానే ఉందని కూడా చెప్పాను, ఊరివాడు గనక.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. సగటు అన్నది కిందికి దిగినట్టే పైకీ ఎక్కుతుందని ఉత్తర్వు రాసినప్పుడు మాకు తట్టలేదు. తట్టింది ఓబుళరెడ్డికి. ఓబుళరెడ్డి రోడ్ల గుత్తేదారు, ఊళ్ళో పెద్దమనిషి, ఆయన తుపాకీ సగటు తొంభై వచ్చింది. ఆయన నాలుగు రోజుల తర్వాత అదే తుపాకీతో వచ్చాడు. గొట్టానికి అడుగున నులక తాడుతో ఒక నున్నటి నల్లరాయి కట్టి ఉంది.

"ఇదేమిటి రెడ్డిగారూ?"

"రాతిగొడ్డలి నాగలింగం. ఏటి గట్టున దొరికింది. మూడువేల ఏండ్లదంట. ఇది కూడా ఇప్పుడు తుపాకీలో భాగమే. కూడుకో."

కూడాను. ఇరవై ఎనిమిది భాగాలు, నూట తొంభై మూడు పాయింట్ తొమ్మిది. ఫైలు సారు ముందు పెట్టాను. ఉపేంద్రనాథ్ గారు చాలాసేపు ఆలోచించి ఇలా నోటు రాశారు: "భాగము అనగా ఆయుధమునకు అంటియున్నది. సదరు శిల అంటియున్నది. కావున భాగము." పాత రాళ్ళ వయసు తేల్చడానికి ఒక విశ్రాంత డ్రాయింగు మాస్టారిని నిపుణుడిగా నియమించారు. ఆయన రాయిని చేత్తో తడిమి, వాసన చూసి, వెయ్యికి తక్కువ కాకుండా చెప్పేవారు.

ఇక చూడాలి సంబరం. నెల తిరిగేలోపు జిల్లాలో తుపాకీ ఉన్న ప్రతివాడూ దానికి ఏదో ఒకటి కట్టుకుని దిగాడు. ఒకరు విజయనగర కాలం నాటి కుండపెంకు. ఒకరు శాసనం ముక్క. ఒకాయన వాళ్ళ ముత్తవ్వ దంచిన రోకలి బంకతో అతికించుకొచ్చాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఈయన తుపాకీకి చుట్టాడు, అంతే తేడా. రెడ్డిగారు ఊరుకుంటారా? మరో తొమ్మిది రాళ్ళు చేర్చి సగటు ఎనిమిది వందల డెబ్భై ఆరుకు తీసుకెళ్ళాడు. దాన్ని ఆఫీసు మెట్లెక్కించడానికి ఇద్దరు కూలీలు కావాల్సి వచ్చారు. ఉత్సాహాన్ని ప్రోత్సహించడం విభాగం విధి గనక, సారు మరో ఉత్తర్వు తెచ్చారు: మార్కులు సమానమైతే సగటు వయసు ఎక్కువున్న తుపాకీదే పైస్థానం.

నేను ఆచారి కొలిమికి వెళ్ళి చెప్పాను. ఇది నా పని కాదు, అయినా వెళ్ళాను. నోటీసు గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.

"ఒక రాయి కట్టుకో ఆచారీ. ఎవరేమంటారు?"

"బరువు ముందుకు పడితే గొట్టం దిగజారుతాది సార్. ఈ తుపాకీ నా అరచేతిలో యాడ నిలబడల్లనో ఆడ నిలబడతాది. దానికోసరం ఎన్ని దినాలు పట్టిందో తెలుసునా మీకు? రాయి గట్టి దాన్ని చంపల్నా?"

"కట్టకపోతే రోలరు చంపుతుంది."

ఆచారి కొలిమి తిత్తి ఆపేసి కూర్చున్నాడు. కుడికన్ను మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. ఆ అలవాటు కొత్తగా వచ్చింది ఆయనకు, ఎంత మిగిలిందో చూసుకుంటున్నట్టు.

ఎనిమిదో రోజు వచ్చాడు. తుపాకీ చూడ్డానికి ఏ మార్పూ లేదు. నా బల్ల మీద పెట్టి, కట్టె మడమ దగ్గర, భుజానికి ఆనేచోట ఉన్న చిన్న రేకు విప్పి చూపించాడు. లోపల తొలిచిన గుంటలో వేలెడంత నల్లటి మేకు ఒకటి కదలకుండా బిగుసుకుని ఉంది. మా ఊరి పాత కోట పెద్దతలుపు చెదలు పట్టి పడిపోయినప్పుడు పంచాయతీ వాళ్ళు వేలం వేశారు, దాని మేకులు ఆచారే కొన్నాడు. మేకు ఎంత తూగుతుందో అంతే కట్టెను లోపల తొలిచి తీశాడు. తుపాకీని నా ముందే అరచేతి మీద నిలబెట్టాడు. అది అటూ ఇటూ ఊగకుండా నిలబడింది. డ్రాయింగు మాస్టారు మేకును నాలికతో తాకి ఐదు వందల ఏళ్ళన్నారు.

ముప్పై ఒక్క భాగాలు. వంద పాయింట్ ఆరు.

ధ్రువపత్రం మీద ముద్ర గుద్దుతుంటే నాకు చెప్పలేనంత సంతోషమేసింది. ఆచారి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన చేతులు గరుకుగా, వేడిగా ఉన్నాయి.

ఆ సంతోషం డిసెంబరు దాకా నిలిచింది. డిసెంబరులో పోటీ ఏర్పాట్ల సమావేశం పెట్టాం. మంచినీళ్ళు, షామియానా, అంబులెన్సు అన్నీ అయ్యాక, తూటాల సంగతి వచ్చింది. ధ్రువపత్రం వెనక నాలుగో షరతు ఉంది: ధ్రువీకరణ జరిగిన పిదప ఆయుధములో ఏ కొత్త భాగము చేరినను ధ్రువపత్రము రద్దగును. ఆ షరతు రాసింది నేనే, సూదులు మార్చకుండా.

సారు కళ్ళద్దాలు తీశారు. "నాగలింగం, తూటా ఆయుధమునకు అంటియుండునా?"

"గదిలో పెట్టి మీట మూస్తే అంటుకునే ఉంటుంది సార్."

"కొత్తదా, పాతదా?"

"కొత్తది సార్. కిందటి నెలలో చేసింది."

"అయితే తూటా పెట్టిన తత్‌క్షణము ధ్రువపత్రము రద్దు. రద్దయిన ఆయుధము ఆధునికము."

ఆచారితో సహా పోటీదారులందరూ ఆ సమావేశంలో ఉన్నారు. ఓబుళరెడ్డి గొంతు సవరించుకుని, తుపాకీ నాటి పాత తూటా ఎక్కడైనా దొరికితే వాడుకోవచ్చునా అని అడిగాడు.

"నూరేళ్ళు దాటిన తూటా పురాతన వస్తువు. దానిని పేల్చుట వారసత్వ సంపదను ధ్వంసము చేయుట. నా హయాంలో అది జరగదు" అన్నారు సారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది.

అలా ఆ ఏడు పోటీ తూటాలు లేకుండా జరగాలని తీర్మానం అయ్యింది. గుండు పెట్టకుండా గురి చూసి ట్రిగ్గరు నొక్కితే చాలు. రెడ్డిగారు మొదట చప్పట్లు కొట్టాడు. ఆయన తుపాకీ పేలితే రాళ్ళు ఎటు ఎగురుతాయోనని ఆయనకే భయంగా ఉండింది.

ఆచారి వెళ్ళిపోకుండా నా బల్ల దగ్గరే నిలబడ్డాడు. ఆయనకు ధైర్యం చెప్పడం నా బాధ్యత అనిపించింది. సారుకు జనవరి ముప్పై ఒకటికి అరవై రెండు నిండుతాయి, రిటైరవుతారు, పోటీ ఫిబ్రవరి పదిన, కొత్తాయన వస్తే ఒక్క మాటతో మార్పించవచ్చు అని చెవిలో చెప్పాను. ఆచారి జనవరి నెలంతా రోజు విడిచి రోజు ఆఫీసుకొచ్చి, వరండాలో కూర్చుని, హుస్సేనయ్యతో నాలుగు మాటలాడి పోయేవాడు. ఏమీ అడిగేవాడు కాదు.

ముప్పయ్యో తారీఖున సారు నన్ను లోపలికి పిలిచి తలుపు వెయ్యమన్నారు.

"నాగలింగం, మనిషికి వయస్సు అనగా ఏమి?"

నేను కాగితం, పెన్సిలు తీశాను. సారుకు రెండు మోకాళ్ళూ మార్చారు. ఇరవై రెండు పళ్ళు కట్టుడువి. గుండె నాళాల్లో స్టెంట్లు రెండు. కుడికంటిలో కొత్త అద్దం. మొత్తం ఇరవై ఏడు కొత్త భాగాలు, సగటున నాలుగేళ్ళు. ఒంట్లో పెద్ద భాగాలు నలభై అని లెక్క వేస్తే సారు వయసు ఇరవై రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది. అంటే ఇంకా ఉద్యోగ పరీక్షలు రాసే వయసు. సారు మొహమాటపడి అంత వద్దన్నారు. చిన్న ఎముకలు కూడా కొన్ని చేర్చి భాగాలు నూట డెబ్భై నాలుగు చేశాను. సరిగ్గా యాభై మూడు. పైఆఫీసు వాళ్ళు మర్నాడు సాయంత్రానికల్లా ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే తుపాకీల ఉత్తర్వు తప్పనాలి, దాన్ని ఆమోదించింది వాళ్ళే. రిటైర్మెంటుకు తెచ్చిన పూలదండ వృథా కాకుండా, తొమ్మిదేళ్ళ పొడిగింపు వచ్చినందుకు అదే వేశాం.

వరండాలో ఆచారికి ఈ సంగతి చెప్పింది హుస్సేనయ్య. నేను కిటికీలోంచి చూశాను. ఆచారి విన్నాడు, తలూపాడు, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పోటీకి ఇక రాడనుకున్నాను. సగటు కనిపెట్టినవాణ్ణి నేనేనని ఆయనకు తెలుసో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పదో తారీఖు ఉదయం క్వారీలో షామియానా కింద రెండు వందల మంది జనం. పద్నాలుగు తుపాకీలు వరసగా పేర్చారు. దూరం నుంచి చూస్తే పాత సామాన్ల అంగడి అనుకోవాలి. చివర్న ఒక్కటి మాత్రం తుపాకీలా ఉంది. ఆచారి వచ్చాడు.

పోటీకి ముందు సారు మైకులో నిబంధన చదివి వినిపించారు.

"తూటా లేని కారణమున గురి తప్పినట్లు ఆధారము లభించదు. ఆధారము లభించని యెడల అభ్యర్థికి అనుకూలముగా భావించవలెను. కావున పాల్గొన్న ప్రతి ఆయుధమునకు పదికి పది మార్కులు. ఒకవేళ ఏ ఆయుధమైనా గురి తప్పినట్లు రుజువైన యెడల, సదరు ఆయుధము అనర్హము. దానిని విభాగమునకు శాశ్వతముగా స్వాధీనపరచవలెను."

జనం చప్పట్లు కొట్టారు. మార్కుల పట్టికలో పద్నాలుగు వరసల్లోనూ పది అని నేను ముందు రోజే వేసి ఉంచాను, ఎండలో రాయడం కష్టమని.

ఒక్కొక్కరే వచ్చారు. రెడ్డిగారి తుపాకీని నలుగురు ఎత్తి పట్టుకుంటే ఆయన పక్కన నిలబడి చిటికె వేశాడు. రోకలి ఆయన ట్రిగ్గరు ఎటుందో వెతుక్కునే సరికి సమయం అయిపోయింది, పదికి పది. శాసనం ముక్క ఆయన గురిపెట్టింది కాగితం వైపు కూడా కాదు, కెమెరా వైపు. నవ్వులు, ఈలలు.

చివరికి ఆచారి. గోనెపట్టా పరుచుకుని బోర్లా పడుకున్నాడు. మీట కిందికి లాగాడు. ఖాళీ గదిలోకి ఒకసారి చూశాడు. మీట మూశాడు. ఎంత మెత్తగా మూసుకుందంటే, నాలుగు అడుగుల దూరంలో ఉన్న నాకు చప్పుడు వినబడలేదు. చెంప కట్టెకు ఆనించి, ఊపిరి తీసుకుని, సగం వదిలి ఆగాడు. జనం ఎందుకో తెలీదు, వాళ్ళూ ఆగారు. టక్కుమంది. అయిపోయింది. కానీ ఆయన వెంటనే లేవలేదు, అలాగే గురి వంక చూస్తూ ఇంకో మూడు క్షణాలు ఉన్నాడు. ఆ తర్వాత లేచి, మోకాళ్ళు దులుపుకుని, నా బల్ల దగ్గరికొచ్చాడు.

"సార్, నాకెంత ఏసినారు?"

"పది."

"ఎనిమిది సార్ నాది."

నాకు అర్థం కాలేదు. "ఎనిమిదేమిటి?"

"ఎడమపక్కకు పోయింది. రెండో గీత అవతల. ఊపిరి నిలబెట్టలేకపోయినా."

"గుండే లేదు గదయ్యా!"

"గుండు లేకపోతే ఏమి సార్? సూది పడే టయానికి గొట్టం యాడ చూస్తాండాదో నాకు తెలుస్తాది గదా. ఎడమకు చూస్తాండాది."

నేను గొంతు తగ్గించాను. "నోరు మూసుకో ఆచారీ. ఎనిమిదంటే గురి తప్పినట్టు. తుపాకీ తీసేసుకుంటారు. పదకొండేళ్ళ పని. ఆలోచించు."

"మీరు పది రాస్తే నేను కొట్టినట్టా, కొట్టనట్టా సార్?"

ఊరందరిదీ ఒక దారయితే ఉలిపికట్టెది ఒక దారి అని ఆయన మీద కోపమొచ్చింది. ఆ కోపం సగంలోనే ఇంకేదో అయిపోయింది. ఇంతలో సారు వచ్చి ఏమిటి ఆలస్యమని అడిగారు, నేను చెప్పక తప్పలేదు.

"అభ్యర్థి తన ఆయుధము గురి తప్పినదని స్వయముగా అంగీకరించుచున్నాడా?"

"ఆయుధం తప్పలేదు సార్" అన్నాడు ఆచారి. గొంతు మొదటిసారి పెద్దదైంది. "తుపాకీలో ఏ లోపమూ లేదు. నేను తప్పినా. ఆ ముక్క రాయండి."

సారు పట్టిక తిప్పి చూశారు. తుపాకీ పేరు, వయసు, మార్కులు. మనిషికి గడి లేదు. సారు అయోమయంగా నా వైపు తిరిగారు. నా సర్వీసు మొత్తంలో నాకు పైవాళ్ళను అడగకుండా మాట్లాడిన గుర్తు లేదు. అప్పుడు మాట్లాడాను.

"నిబంధన ప్రకారం తప్పినది అనర్హము సార్. తప్పినది మనిషి. కాబట్టి మనిషే అనర్హము. తుపాకీ అర్హమే, యజమాని దగ్గరే ఉండాలి."

సారు పెదాలు కదుపుతూ దాన్ని రెండుసార్లు చెప్పుకున్నారు. తర్కం కుదిరింది. "రాయుము" అన్నారు.

రాశాను. రుద్రాచారి, శాశ్వతంగా అనర్హుడు. ఆచారి ముఖంలో బాధేమీ కనబడలేదు. "ఇంగొక ఏడుకు నాకు కన్నే ఉండదు లెండి" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. నాకు సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది.

"రుజువు కావలెను గదా నాగలింగం" అన్నారు సారు, పోతూ పోతూ. "ఎనిమిది అనుటకు ఆధారమేది? ఫైలులో ఉండవలెను."

వెనక రెడ్డిగారికి వెండి కప్పు ఇస్తున్నారు. నేను ఒక్కణ్ణే ఎండలో రెండు వందల గజాలు నడిచివెళ్ళి, చివరి కాగితం విప్పుకొచ్చి ఆచారి ముందు బల్ల మీద పరిచాను. తెల్లగా, గుండ్రంగా, ఏ మచ్చా లేకుండా ఉంది. జేబులోంచి పెన్ను తీశాను.

"ఎక్కడ?"

ఆచారి కాగితం మీదికి వంగి, ఎడమకన్ను మూసి, కుడికంటితో చూశాడు.

"ఇంగ రవ్వంత ఎడమకు సార్. ఇంగ కొంచెం కిందికి. ఆఁ, ఆడ."

పెన్ను మొన గట్టిగా గుచ్చి చిల్లు పెట్టాను. ఆచారి దాన్ని వేలితో తడిమి, సరిగ్గానే ఉందని తలూపాడు. ఆ ఏటి పోటీలో చిల్లు పడిన కాగితం అదొక్కటే.